గానరత్న హేరోదు

"హాథ్ ఊపర్!"

జవాను తుపాకీ ఎత్తేసరికి హేరోదు రాజు చేతిలోని చెక్క కత్తి కింద పడింది.

"నేను రజాకార్‌ను కాదు సారూ! గిది వేషం! క్రిస్మస్ నాటకం రిహార్సల్ చేస్తున్నం!" అని అరిచాడు ప్రభుదాసు.

నిజాం రాజ్యం మీదికి వచ్చిన ఇండియన్ యూనియన్ మిలిటరీ మెదక్‌లో దిగి ఒక్క రోజే అయింది. ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చుంటే, పెద్ద చర్చి వెనక గల్లీలో 'ప్రభుదాసు కుటుంబ సువార్త గాన బృందం' మాత్రం వాకిట్లో క్రిస్మస్‌కు తయారవుతోంది. క్రిస్మస్ ఇంకా మూడు నెలలుంది. గొప్ప కళాకారులకు అలాంటి చిన్న విషయాలు పట్టవు. పైగా బాల యేసును చంపజూసిన హేరోదుకు నల్ల షేర్వాణీ తొడిగి, ఎర్ర రూమీ టోపీ పెట్టారు. రాజంటే అలా ఉంటేనే మెదక్ జనం నమ్ముతారని ప్రభుదాసు అభిప్రాయం. జవాన్లు కూడా నమ్మారు.

సుబేదారు ముందుకు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, తెలుగువాడే.

"రజాకార్ల సర్దారు ఇప్పుడే ఈ గల్లీలోకి పారిపోయి వచ్చాడు. షేర్వాణీ, టోపీ. అచ్చం నీలాగే."

"నేను క్రైస్తవున్ని సారూ. మిషన్ బడిల చదువుకున్న."

"ఆ సర్దారు కూడా మిషన్ బడిలోనే చదివాడట. ఇంకేమైనా చెప్పు."

ప్రభుదాసు భార్య సౌభాగ్యమ్మ మరియమ్మ వేషంలోనే అడ్డం వచ్చింది.

"ఈయన మా ఇంటాయన సారూ. గీమె మా బిడ్డ నవోమి, దేవదూత వేషం. ఆడ మూలకు కూసున్న గొల్లవాడు మా మరిది గాబ్రియేలు. మేమందరం పాటలోల్లం."

అందరికంటే ఆలస్యంగా వచ్చి, వాకిట్లో దండెం మీదున్న వేషం గొంగడి ఒళ్ళంతా కప్పుకుని మూలన చేరిన గొల్లవాడు, దాన్ని నెత్తిమీంచి ఇంకాస్త ముందుకు లాక్కుని బుద్ధిగా తల ఊపాడు.

"పాటగాళ్ళా? అయితే పాడండి. ఒక్కొక్కరే పాడాలి," అన్నాడు సుబేదారు. "నేనూ చర్చి పాటల మధ్య పెరిగినవాణ్ణే. దొంగ గొంతు ఇట్టే పట్టేస్తా."

తన తెలివికి తనే మురిసిపోయి మీసం దువ్వుకున్నాడు. ప్రభుదాసు హార్మోనియం కోసం అటూ ఇటూ చూశాడు.

నిజాంపేట నుంచి మనోహరాబాద్ దాకా పేరున్న ప్రభుదాసు ఏనాడూ ఒంటరిగా పాడిన పాపాన పోలేదు. హార్మోనియం గట్టిగా వాయిస్తూ, కళ్ళు మూసుకుని, నోరు మాత్రం బాగా తెరిచేవాడు. పాట సౌభాగ్యమ్మది, దండలు ఆయనవి. ఆయన పేరు ముందు 'గానరత్న' అనే బిరుదు కూడా ఉంది. ఇచ్చింది ఎవరో కాదు, ఆయనే.

ముందు నవోమి పాడింది. సుబేదారు తల ఊపాడు. సౌభాగ్యమ్మ పాడింది. సుబేదారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత గొల్లవాడు లేచి, తల వంచుకునే, మిషన్ బడి పిల్లలందరికీ వచ్చే పాత కీర్తన ఒకటి ఎత్తుకున్నాడు. లోతైన గొంతు, ఎక్కడా శ్రుతి తప్పలేదు. రోజూ ముక్కుతో పాడే మరిదికి ఇవాళ భయంతో గొంతు విచ్చుకుందేమోనని సౌభాగ్యమ్మ ఆశ్చర్యపోయింది. సుబేదారు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇక రాజుగారు కానివ్వాలి."

"సారూ, ఈయన పాడడు, పెట్టె వాయిస్తడు," అంది సౌభాగ్యమ్మ గబగబా. "జర ఆగుండ్రి, పెట్టె తెస్త."

"వాయించినా చాలు. చేతనైతే వదిలేస్తా."

గండం అక్కడితో గట్టెక్కేది. కానీ అప్పటికే గల్లీలో తలుపులన్నీ ఓరగా తెరుచుకున్నాయి. "ఏందీ, ప్రభుదాసుకు పాటనే రాదా?" అని ఎదురింటి బాలనర్సమ్మ ఎవరినో అడగడం ఆయన చెవిన పడింది.

"ఎవనికే పాట రాంది?" అని భార్యను కసిరాడు గానరత్న. "పెట్టె లేదు గిట్టె లేదు. నేను పాడుత!"

"ఏమయ్యా, పాణం కంటె పేరు ఎక్కువనా?"

"నువ్వు సప్పుడు చెయ్యకు."

సౌభాగ్యమ్మకు ఏడుపు వచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన గొప్పను తన గొంతుతో మోసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ప్రభుదాసు కళ్ళు మూసుకున్నాడు. అలవాటు ప్రకారం నోరు తెరిచాడు. ఈసారి పక్కన పాడేవాళ్ళు లేరు కాబట్టి ఆయన గొంతే బయటికి వచ్చింది.

పల్లవి సగంలోనే సుబేదారు చెవులు మూసుకున్నాడు.

"చాలు, ఆపు! చర్చి గడప తొక్కినవాడెవడూ ఇలా పాడడు. లారీ ఎక్కించండిరా!"

"ఇయ్యాల జర జలుబు చేసింది సారూ!" అని లారీలోంచి కూడా అరుస్తూనే ఉన్నాడు ప్రభుదాసు. అప్పటికీ పాట రాదని మాత్రం అనలేదు.

సౌభాగ్యమ్మ సుబేదారు కాళ్ళమీద పడింది. "బాంచెన్ సారూ, నిజంగ ఆయన నా పెనిమిటి!"

"లేవండమ్మా. వాడు బెదిరించి మీ చేత ఇలా చెప్పిస్తున్నాడని నాకు తెలుసు. ఇక భయం లేదు." సుబేదారు గొల్లవాడి భుజం తట్టాడు. "ఏం గొంతయ్యా నీది! బయట నడిచి వెళ్ళకు, మావాళ్ళు అనుమానపడి కాల్చినా కాల్చగలరు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పు, మా జీపులో దింపుతారు."

"మనోహరాబాద్ స్టేషన్," అన్నాడు గొల్లవాడు వినయంగా, సుబేదారుకు మాత్రమే వినిపించేట్టు.

మరిది జీపెక్కుతుంటే, అన్నను విడిపించడానికే వెంట వెళ్తున్నాడని సౌభాగ్యమ్మకు కొంచెం ధైర్యం వచ్చింది. లారీ వెళ్ళిపోయింది. దాని వెనకే జీపు కూడా మలుపు తిరిగింది.

అప్పుడు గల్లీ అవతలి కొస నుంచి గాబ్రియేలు రొప్పుతూ ఉరికి వచ్చాడు.

"మిలిటరోల్లు తొవ్వ బంద్ జేసిండ్రు వదినా, గందుకే లేటయింది. అన్న మస్తు గరమైండా? నా గొల్లవాని పాట ఎవరు పాడిండ్రు?"