మొదటి పది పుటలు

పోయిన వస్తువు దానంతటదే తిరిగి వచ్చి చేరితే, దాన్ని దొంగతనం అనవచ్చునా?

హెడ్మాస్టరు అంతయ్య ఈ ప్రశ్నను తనకు తాను వేసుకోవడం అది మూడోసారి. జవాబు ప్రతిసారీ పక్కకు తప్పుకుంటోంది.

పోయింది ఇంగ్లీషు మాస్టరు యెషయా నోటుపుస్తకం. అర్థం ఒకేలా తోచి, వాడుకలో వేరైపోయే ఇంగ్లీషు నామవాచకాలను అతడు ఏళ్ళ తరబడి అందులో జతలుగా కూర్చుకున్నాడు. షేడ్, షాడో: మనకు రెండూ నీడే, ఒకదానిలో కూర్చుంటాం, మరొకటి మన వెంట నడుస్తుంది. హౌస్, హోమ్: రెండూ ఇల్లే; మొదటిది సున్నం వేస్తే కొత్తదవుతుంది, రెండోదానికి సున్నం చాలదు. ఆ పుస్తకాన్ని యెషయా ఎవరికీ ఇవ్వడు. శనివారం మధ్యాహ్నం బడి బీరువాలో పెట్టి ఇంటికి వెళ్తాడు. ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చి చూస్తే పుస్తకం లేదు. సోమవారం పొద్దున ఉంది. మరుసటి వారమూ అంతే.

ఇచ్చోడకు నాలుగు మైళ్ళ దూరంలోని ఆ చిన్న బడిలో ఈ సంగతి పెద్దదైంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్ళు; మాస్టర్లందరూ కొత్తవాళ్ళు. నిజాం కాలపు ఉర్దూ చదువు అంతయ్య ఒక్కడిదే. ఆయన ఇప్పటికీ పేపరును చివరి పేజీ నుంచే తెరుస్తాడని వాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. వచ్చే నెల ఇన్‌స్పెక్టరు వస్తారని, ఆయన ముందు పై తరగతికి ఇంగ్లీషు పాఠం హెడ్మాస్టరే చెప్పాలని తాకీదు వచ్చింది. ఆలోగా ఈ దొంగతనం తేలిపోవాలి.

సోమవారం గంట కొట్టగానే లెక్కల మాస్టరు అంబదాస్, బడి నౌకరు మొండయ్యను రెక్క పట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి తీసుకువచ్చాడు. వెనకాలే పుస్తకంతో యెషయా, మిగిలిన ఇద్దరు మాస్టర్లు వచ్చారు.

"దొంగ దొరికిండు సార్! మొండయ్యా, చెయ్యి జూపియ్యి."

మొండయ్య కుడి బొటనవేలు ఊదారంగులో మెరుస్తోంది.

"తడి తగిలితే ఊదగ మారే పెన్సిల్ లేదా సార్, దాన్ని చెక్కి పొడి జేసిన. శనివారం యెషయా ముందట్నే పుస్తకంల మొదటి పది పుటల మూలలకు రుద్దిన. ఇంకెవ్వరికి చెప్పలే. ఏలు తడి జేసుకొని పుట తిప్పెటోడు ఎవ్వడైనా దొరకాల్సిందే. కడిగితె వారందాక పోదు." అంబదాస్ నవ్వాడు. "మొదటి పుటలు తిప్పకుంట లోపటికి ఎట్ల పోతడు?"

"అయితే అందరం చేతులు చూపుదాం," అన్నాడు అంతయ్య.

"మీరెందుకు సార్!"

"న్యాయం అందరికి ఒక్కటే."

మాస్టర్ల చేతులన్నీ బల్ల మీదికి వచ్చాయి. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. తన చేతులను మాత్రం అంతయ్య మిగతావాళ్ళకన్నా కొంచెం ఎక్కువసేపు చూసుకున్నాడు.

"సారూ, నాకు అక్షరం ముక్క రాదు," అన్నాడు మొండయ్య. "గా ఇంగ్లీషు పుస్తకంతోని నేనేం జేసుకుంట? పొద్దుగాల కుండల నీళ్ళు వోసి వస్తుంటె కనవడ్డది. ఎవలిదో అని మొదటి పుట దీసి చూసిన. యెషయా సారుదైతె అండ్ల సిలువ బొమ్మ ఉంటది. ఉన్నది. తీస్కపోయి బీరువల వెట్టిన. గంతే."

"యాడ కనవడ్డది?" అంబదాస్ గద్దించాడు.

మొండయ్య ఒక్క క్షణం హెడ్మాస్టరు వైపు చూసి, తల దించుకున్నాడు. "బల్ల మీద."

"ఏ బల్ల?"

"బల్లలన్ని ఒక్కతీరే ఉంటయి సారూ."

"అబద్ధం గూడ అతుకుతలేదు!" అంబదాస్ యెషయా వైపు తిరిగాడు. "గీయనను థీఫ్ అనాల్నా, రాబర్ అనాల్నా?"

"చాటుగ తీస్తె థీఫ్. అందరి ముందట గుంజుకుంటె రాబర్," అన్నాడు యెషయా ఇబ్బందిగా. "మొన్ననే రాసిన, ఆఖరి పుటలల్ల. కానీ సార్, నా పుస్తకం నాకు దొరికింది. జర ఇడిసిపెట్టుండ్రి."

"ఎట్ల ఇడుస్తం? ఇయ్యాల పుస్తకం, రేపు బీరువ!" అంబదాస్ కాగితం తీసి హెడ్మాస్టరు ముందు పరిచాడు. మొండయ్యను నౌకరి నుంచి తీసివేయాలని అందులో ఉంది. కింద సంతకం చోటు ఖాళీ.

"ఇరవై ఏండ్ల సంది గంట కొడుతున్న సారూ," అన్నాడు మొండయ్య. ఏ బల్లో ఇప్పటికీ చెప్పలేదు.

అంతయ్య కలం మూత తీశాడు. మచ్చలేని తన వేళ్ళను, ఎదుట మచ్చపడిన ఆ బొటనవేలిని ఒకసారి చూశాడు. మనిషి పట్టుబడకపోవడం వేరు, తప్పు లేకపోవడం వేరు. ఈ జతను యెషయా తన పుస్తకంలో రాసుకోలేదు.

ఆయన కలం మూత మళ్ళీ పెట్టేశాడు. కాగితాన్ని నిలువునా రెండు ముక్కలు చేశాడు. లేచి, అందరి ముందే, యెషయా చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు.

"పైలం సార్!" యెషయా కంగారుపడ్డాడు. "మొదటి పుటలు ముట్టకుండ్రి, రంగు అంటుతది."

"నాకు అంటదు," అన్నాడు అంతయ్య.

పుస్తకాన్ని బోర్లించి, ఉర్దూ కితాబులా వెనుక అట్ట నుంచి తెరిచి, శనివారం తాను సగంలో ఆపిన పుటను వెతుక్కోకుండానే పట్టుకుని, మిగిలిన సగం అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టాడు.