మరిచిపోయిన పన

"మరిచిపోయానే! మజాల్, మరిచిపోయానే!"

రహమీమ్ వాకిట్లోంచే కేకలు పెట్టుకుంటూ వచ్చాడు. నెత్తిమీది చిన్న టోపీ ఓ పక్కకి జారింది. గడ్డం నిండా గోధుమ పొట్టు. కాళ్లయినా కడుక్కోకుండా నేరుగా వంటింట్లోకి దూరి, పొయ్యి దగ్గరున్న భార్య రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పేశాడు.

"వదులయ్యా, పడతాను! ఏం మరిచిపోయావు?" అంది మజాల్ నవ్వుతూ.

"పన! నా చేత్తో కోసి కట్టిన గోధుమ పన! పొలంలోనే వదిలేసి వచ్చేశాను. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూద్దును కదా, కోళ్లు పెంచుకునే ఆవిడ లేదూ, మొగుడు పోయినావిడ, దాన్ని నెత్తికెత్తుకుని వెళ్లిపోతోంది. అప్పటిదాకా దాని ఊసే లేదు నా బుర్రలో! జీవితంలో ఇదే మొదటిసారి!"

కూతురు ఒడెలియాకి ఒళ్లు పులకరించింది. గోధుమ కోతలప్పుడు వచ్చే వారాల పండగకని ఆమె ఆ మధ్యాహ్నమే హైఫా నుంచి దిగింది. ఏడు వారాల కిందటి పస్కా పండగకి రాలేకపోయింది కాబట్టి తండ్రిని చూసి చాలా నెలలైంది. ఇంతకంటే మంచి కబురు ఆయన నోట ఆమె ఎన్నడూ వినలేదు.

యూదుల ధర్మశాస్త్రంలో ఆజ్ఞలకి కొదవ లేదు. పట్టుదల ఉంటే చాలావాటిని నెరవేర్చవచ్చు. ఇదొక్కటే మొండిది. కోతలప్పుడు పొలంలో పన మరిచిపోతే దానికోసం వెనక్కి వెళ్లకూడదు. అది పరదేశికి, తండ్రిలేని బిడ్డకి, విధవరాలికి చెందుతుంది. అయితే కావాలని వదిలేస్తే అది దానమవుతుందే తప్ప ఈ ఆజ్ఞ కింద చెల్లదు. నిజంగా మరిచిపోవాలి.

రహమీమ్‌కి అదే చేతకాదు. పొలమంతా యంత్రంతో కోయించినా, వచ్చే పస్కాకి పులియని రొట్టెల కోసం ఓ మడి మాత్రం కొడవలితో తానే కోస్తాడు. ఆ మడిలో ఒక్క పన మరిచిపోవాలని పెళ్లి కాకముందు నుంచీ ఆయన కోరిక. ఓ సంవత్సరం పాటలు పాడుకుంటూ మడి దాటబోయేలోపే గుర్తొచ్చి, తల బాదుకుంటూ దాన్నీ ఎత్తుకున్నాడు. "మా పెళ్లిలో మా అన్న విసిరిన మాటే ఇప్పటికీ మరిచిపోలేదు, ఈయన పన మరిచిపోతాడా?" అని మజాల్ ఊరందరి ముందూ దెప్పేది.

ఇంతలో పక్కింటి షబ్తాయ్ అరక్ సారా సీసాతో లోపలికొచ్చాడు. ఇద్దరూ కలిసే కోతకి వెళతారు. "సాధించావురా ముసలోడా! ఎంత అదృష్టవంతుడివిరా!" అంటూ రహమీమ్‌ని కావలించుకుని, చాలాసేపు వదల్లేదు.

మజాల్ పొయ్యిలోంచి చీజ్ కూరిన రొట్టెలు తీసింది. బల్ల మీద అప్పటికే కొత్త గుడ్డ పరిచి ఉంది. ఒడెలియా రొట్టెల వంక చూసింది, సీసా వంక చూసింది. ఎక్కడో తేడా కొట్టింది. తల్లిని చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లింది.

"అమ్మా, ఇది నీ పనే కదూ?"

"ఏదే?"

"నటించకు. ఆయన గుమ్మం తొక్కకముందే రొట్టెలు సిద్ధం. షబ్తాయ్ బాబాయ్ సీసా సిద్ధం. పైగా ఈసారి కోతలకి రోజూ పొద్దున నువ్వు కూడా ఆయన వెంట పొలానికి వెళుతున్నావట. ఈ వయసులో ఎండలో నీకేం పని? బాబాయ్ మాటల్లో పెట్టాడు, నువ్వు పనని దాచావు. అంతేనా?"

మజాల్ తలగుడ్డ సర్దుకుంది.

"ఇంకొకరు దాచిపెడితే అది మరుపు కాదమ్మా. చెల్లదు. బళ్లో పిల్లలకి నేను చెప్పే పాఠమే ఇది. జన్మంతా ఎదురుచూసిన మనిషికి నకిలీది అంటగడతావా?"

"పాఠాలు మాకూ వచ్చులే పంతులమ్మా. శారా తన మొగుణ్ణి ముసలాడంది. ఆ మాట దేవుడు అబ్రాహాముకి చెప్పేటప్పుడు మార్చి చెప్పాడు, వాళ్ల కాపురం చెడకూడదని. అది కూడా చెబుతున్నావా మీ పిల్లలకి?"

"అంటే అబద్ధమాడానని ఒప్పుకున్నట్టేగా?"

"ఆడాను. నువ్వనుకున్నది మాత్రం కాదు."

"ఏదైతేనేం? నేను నాన్నకి చెప్పేస్తాను. నిజం తెలియడం ఆయన హక్కు."

ఒడెలియా గడప దాకా వెళ్లింది. మజాల్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. అమ్మ చేతిలో అంత బలముందని ఒడెలియాకి అప్పటిదాకా తెలియదు.

"ఆగు. పనని ఎవరూ దాచలేదు. షబ్తాయ్ నోరు మెదపలేదు. మీ నాన్న నిజంగానే మరిచిపోయాడు. ఇంటికొచ్చే ముందు నా కళ్లతో చూశాను."

"నిజంగానా?"

"నిజంగానే."

కిటికీలోంచి రహమీమ్ కనిపిస్తున్నాడు. రొట్టె తుంచి షబ్తాయ్ నోట్లో పెడుతూ, గొంతెత్తి పాడుతున్నాడు. ఆ ముఖంలో కొత్త పెళ్లికొడుకు కళ ఉంది. ఒడెలియా కోపం ఎటుపోయిందో పోయింది. నాన్న కోరిక తీరింది, అదీ న్యాయంగా తీరింది. ఆమెకి కళ్లు చెమర్చాయి.

"నీ మీద అనవసరంగా అరిచానమ్మా. ఇన్నేళ్లకి మొదటిసారి కదా, ఎంత సంతోషంగా ఉన్నాడో చూడు!"

మజాల్ కూతురి తల నిమిరింది.

"నిన్న కూడా ఇదే మొదటిసారి అన్నాడే తల్లీ."