పెంగెల్లి గారి ఆఖరి కచేరీ

ఆర్థర్ పెంగెల్లి డార్మ్‌స్టాట్‌లో రైలు దిగేసరికి కావ్యశ్రీ పూలబొకేతో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది. ఆయన కాలు కింద పెట్టగానే మొదలుపెట్టింది. ప్రయాణం బాగా జరిగిందా, రైలు ఎక్కడైనా ఆగిపోయిందా, చలిగా ఉందా, గిటార్ నేను పట్టుకోనా అని వరసగా అడిగి, జవాబులు కూడా తనే చెప్పేసుకుంది. ఆయన నవ్వి తల ఊపాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుంది.

ఆర్థర్ ఇంగ్లండ్ జానపద గాయకుడు. నలభై ఏళ్ళుగా జర్మనీలో ఊరూరా తిరిగి పాడుతున్నాడు. చేపల పడవల పాటలు, బొగ్గు గనుల పాటలు, సముద్రం మీదికి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ పాటలు. చర్చి హాల్లో మూడొందల మంది విన్న రోజులున్నాయి. పబ్బు యజమాని, అతని కుక్క మాత్రమే విన్న రోజులూ ఉన్నాయి. ఒప్పుకున్న కచేరీ మాత్రం ఒక్కటీ మానలేదు. ఆయన గురించి ఏ పేపరు రాసినా ముందు ఆ సంగతే రాసేది. బ్రెగ్జిట్ తర్వాత కాగితాల గొడవ పెరిగింది, మోకాళ్ళు అరిగాయి. ఇదే ఆఖరి పర్యటన అని ప్రకటించేశాడు. అందులో ఆఖరి కచేరీ ఇవాళ్టిది.

మాస్టర్స్ చదవడానికి నిజామాబాద్ నుంచి వచ్చిన మొదటి చలికాలంలో కావ్యశ్రీ ఒక పబ్బులో ఆయన పాట విని ఏడ్చేసింది. పాట సగం అర్థం కాలేదు. అయినా ఇంటికి తిరిగి వెళ్ళిపోదామన్న ఆలోచన ఆ రోజే మానుకుంది. అందుకే తెలుగు సంఘం వార్షికోత్సవానికి పట్టుబట్టి ఆయన్ని పిలిపించింది. "గంటన్నర పూర్తిగా మీదే. మధ్యలో ఎవ్వరూ మాట్లాడరు" అని మాటిచ్చింది. మాటిచ్చేటప్పుడు సంఘం సంగతి తనకి తెలియకపోలేదు.

హాల్లో మైకులు చూసే శశికాంత్ ఆమె క్లాస్‌మేటే. "సర్, ఒక్క లైన్ పాడతారా, సౌండ్ చూసుకుంటాను" అన్నాడు. ఆర్థర్ వద్దన్నట్టు చెయ్యి ఊపి, టీ కప్పుతో ఓ మూల కూర్చున్నాడు.

"నలభై ఏండ్ల సర్వీసురా ఆయనది. ఆయనకి చెకింగ్ ఎందుకు?" అంది కావ్యశ్రీ.

ఏడింటి సభ ఎనిమిదింటికి మొదలైంది. జ్యోతి వెలిగించారు. ప్రార్థన పాడారు. పిల్లల డాన్సు మధ్యలో పాట ఆగిపోతే మళ్ళీ మొదటి నుంచి ఆడించారు. తర్వాత అధ్యక్షుడు రవీంద్రనాథ్ లేచాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐటీ ఉద్యోగం చేస్తాడు. మంచివాడే. మైకు చేతికొస్తే తిరిగివ్వడు.

"రెండే రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తాను" అన్నాడు.

మొదటి ముక్క సంఘం పుట్టుక. రెండో ముక్కలో బ్లూ కార్డు వీసాలు, అద్దె ఇళ్ళు, ఆఫీసుల్లో ఎంతకీ దొరకని అపాయింట్‌మెంట్లు అన్నీ వచ్చాయి. పెంగెల్లి అనే ఇంటిపేరు వింటే ఎక్కడో కోనసీమ వాళ్ళలా ఉందని కూడా అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆర్థర్ కూడా కొట్టాడు.

కావ్యశ్రీ స్టేజీ పక్కకి పరిగెత్తింది. "అన్నా, పాట ఎప్పుడు? పదింటికి హాల్ ఖాళీ చెయ్యాలె. బిల్డింగు చూసుకునే హౌస్‌మైస్టర్ తాళాలు పట్టుకొని నిలబడ్డడు."

"కంగారుపడకమ్మా. అంత పెద్దాయన్ని పిలిచి, సన్మానం చెయ్యకుండా పాడించేస్తామా? ఏవనుకుంటాడు?"

శాలువా కప్పారు. దండ వేశారు. జ్ఞాపిక ఇచ్చారు. కమిటీ మొత్తం ఫొటోలు దిగింది, ఆ తర్వాత వాళ్ళ కుటుంబాలు దిగాయి. ఆర్థర్ అందరికీ దణ్ణాలు పెడుతూ, నవ్వుతూ నిలబడ్డాడు. ఆ నవ్వు చూసినకొద్దీ కావ్యశ్రీకి ప్రాణం చివుక్కుమంది. ఇంగ్లీషువాళ్ళు కోపాన్ని ఇలాగే దాచుకుంటారని ఎక్కడో చదివింది.

పది కావస్తోంది. ఇక ఉండబట్టలేక స్టేజీ ఎక్కి, రవీంద్రనాథ్ చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఇగ చాలన్నా! ఆర్థర్ గారు ఇప్పుడు పాడుతరు!"

తనే గిటార్ తీసి ఆయన చేతిలో పెట్టింది. హాలు ఆ సాయంత్రంలో మొదటిసారి నిశ్శబ్దమైంది. ఆర్థర్ ముఖం పాలిపోయింది. ఒక తీగ మీటాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి కావ్యశ్రీ గుండె నిండిపోయింది.

"ఒక్క నిమిషం!" రవీంద్రనాథ్ మైకు మళ్ళీ సంపాదించాడు. "వందన సమర్పణ మర్చేపోయాం. అది కానిచ్చేస్తే ఆయన ప్రశాంతంగా పాడుకుంటారు."

వంట చేసినవాళ్ళకి, వడ్డించబోయేవాళ్ళకి, మైకులు పెట్టిన శశికాంత్‌కి, పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులకి, తీసుకెళ్ళబోయే తండ్రులకి ధన్యవాదాలు చెప్పాడు. ఆఖరున హౌస్‌మైస్టర్‌కి చెబుతుండగా, ఆ హౌస్‌మైస్టరే లైట్లు ఆర్పేశాడు.

ట్రామ్ స్టాప్ దాకా కావ్యశ్రీ గిటార్ మోసుకుంటూ ఏడుస్తూనే నడిచింది. "క్షమించండి సర్. మీ ఆఖరి కచేరీ మేమే పాడుచేశాం. ఇన్నేళ్ళు పాడి, చివరికి మా దగ్గర ఒక్క పాట కూడా..."

ఆర్థర్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, పొద్దుటినుంచి మొదటిసారి నోరు తెరిచి, చప్పుడు లేని ఉత్త గాలితో, "నిన్ననే నా గొంతు పూర్తిగా పోయింది కావ్యా, ఒక్క కచేరీ కూడా మానలేదన్న పేరు నిలబెట్టిన మీ అధ్యక్షుడికి నా కృతజ్ఞతలు చెప్పు" అన్నాడు.