మూడో ప్లేటుకి రెండు మార్కులు

"మీకు నచ్చలేదని మా నాన్న సాసు మార్చేశాను, బాబాయ్."

డెల్ఫీన్ ఆ మాట మామూలుగానే అంది. రోస్కో చేతిలోని మంచినీళ్ళ గ్లాసు మాత్రం నోటిదాకా వెళ్ళకుండానే ఆగిపోయింది.

"మార్చడమంటే?"

"వెనిగర్ సగానికి తగ్గించాను. చక్కెర వేశాను. టమాటా కూడా వేశాను." గొంతు తగ్గించింది. "నాన్నే ఉంటే నన్ను కౌంటీ దాటేదాకా తరిమేవాడు. కానీ ఏం చెయ్యను? పోయినేడాది ఈ పంది కాల్చే పోటీలో మీ జడ్జీలిద్దరూ పదికి చెరో రెండు మార్కులు పడేశాక ఒక్క పెళ్ళివాళ్ళు వంటకి పిలిస్తే ఒట్టు. ఈసారీ అంతే అయితే పంది కాల్చే గొయ్యి పూడ్చేసి కోళ్ళ ఫ్యాక్టరీలో చేరిపోతాను."

టమాటాయా! టార్ నదికి ఈ పక్కన పుట్టినవాళ్ళెవరూ కాల్చిన పంది మీద టమాటా పోయరు. వెనిగరూ, ఉప్పూ, ఎండుమిర్చీ, అంతే. ఆ ఎర్ర సాసులన్నీ పడమటి కొండలవాళ్ళ తిండి. అలాంటిది, హోరేస్ కూతురు డెల్ఫీన్, తండ్రి నేర్పిన సాసులో చేతులారా టమాటా కలుపుకుందంటే దానికి కారణం తను. రోస్కోకి తల కొట్టేసినట్టయింది.

"బాగుంటుందిలేమ్మా" అని గొణిగి, ఆమె కళ్ళల్లోకి చూడలేక గబగబా జడ్జీల డేరావైపు నడిచాడు.

బాగుంటుందో లేదో తనకేం తెలుసు? తెలిసే రోజులు పోయి రెండేళ్ళు దాటింది. అప్పటి చలికాలంలో పాస్టరుగారి దగ్గర్నుంచి పియానో వాయించే వర్నెల్ దాకా చర్చి మొత్తానికి మాయదారి జ్వరం పట్టుకుంది. పదిరోజులకి అందరూ లేచి తిరిగారు. రోస్కో కూడా లేచాడు. కానీ నోట్లో ఏం పెట్టుకున్నా అట్టముక్క నమిలినట్టే ఉంది. పొగ వాసన పీల్చి అది ఓకు కట్టెదో హికరీ కట్టెదో చెప్పేసే మనిషి, ఇప్పుడు పాలు విరిగినా తెలియక తాగేస్తున్నాడు.

పోనీ ఆ మాట ఎవరికైనా చెప్పాడా అంటే, అదీ లేదు. ఎలా చెప్తాడు? ఎదురైన ప్రతివాడూ "ఏం రోస్కో, నాలుక పదును తగ్గలేదుగా!" అని పలకరిస్తుంటే! అగ్నిమాపక దళం వాళ్ళు ఏటా పెట్టే ఈ పోటీకి పాతికేళ్ళుగా ఇద్దరే జడ్జీలు, తనూ వర్నెలూ. ఆ కుర్చీ వదులుకోవడం కన్నా దొంగతనం తేలిక అనిపించింది.

దొంగతనం కాక మరేమిటి? ముక్క నోట్లో వేసుకుంటాడు. తీరిగ్గా నములుతూ ఎదురుగా కూర్చున్న వర్నెల్ మొహం చూస్తాడు. ఆవిడ కనుబొమలు లేస్తే తొమ్మిది. తల కాస్త ఊగితే ఏడు. మిరపగింజ ఒకటి ఎక్కువైనా పట్టేసే మనిషిని నమ్ముకుంటే ఎవరికీ అన్యాయం జరగదులే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. మార్కులు అచ్చుగుద్దినట్టు కలుస్తుంటే "ఇద్దరిదీ ఒకటే నాలుకరా బాబూ!" అని జనం మెచ్చుకున్నారు. అది విన్నప్పుడల్లా రోస్కోకి చచ్చేంత సిగ్గేసేది.

పోయినేడాది మూడో ప్లేటు దగ్గర గాలి తిరిగి పొగంతా కళ్ళల్లో కొట్టింది. మొహం చిట్లించుకుని, కళ్ళు నులుముకుని తలెత్తేసరికి వర్నెల్ మూతి ముడుచుకుని కనబడింది. అంతే, రెండు వేశాడు. ప్లేట్ల మీద అంకెలే తప్ప పేర్లుండవు. అది డెల్ఫీన్‌దని మైకులో చదివినప్పుడు గానీ తెలియలేదు.

డేరాలో వర్నెల్ పెన్సిలు చెక్కుకుంటోంది.

"ఏమయ్యా, పందిని నువ్వే కాల్చి వచ్చినట్టు ఆ చెమటలేంటి?"

"వర్నెల్, నేనివాళ మార్కులు వెయ్యను."

"ఓరి నీ వేషాలో! ప్లేట్లు వచ్చేస్తున్నాయి, కూర్చో."

"కూర్చోను. ముందు నేను చెప్పేది విను. విన్నాక తిడతావో, మైకు తీసుకుని ఊరందరికీ చాటుతావో నీ ఇష్టం."

చెప్పేశాడు. జ్వరం సంగతి, నోరు చచ్చిపోయిన సంగతి, ఆవిడ మొహం చూసి మార్కులు వేసిన సంగతి, ఏదీ దాచలేదు. తలెత్తితే ఆవిడ కళ్ళు కనబడతాయని బల్లమీది గుడ్డకేసి చూస్తూ చెప్పాడు.

వర్నెల్ చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"రెండేళ్ళ నుంచా?" అంది.

"రెండేళ్ళ నుంచే. సిగ్గులేని పని చేశాను. ఏమన్నా పడతాను. కానీ అక్కడ డెల్ఫీన్ వాళ్ళ నాన్న సాసులో టమాటా కలుపుకుని కూర్చుంది వర్నెల్! ఈసారి కూడా తప్పితే గొయ్యి పూడ్చేస్తానంటోంది. ఇప్పుడే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. ఆ తర్వాత ఏం చెప్పను? నావంటే దొంగమార్కులు. నువ్వు తిని వేశావు కదా. పోయినేడాది దాంట్లో అసలు లోపమేంటి? ఉప్పా? పులుపా? మాంసం మాడిందా? అదొక్కటి చెప్పు చాలు. అది సరిచేసుకుని మళ్ళీ వాళ్ళ నాన్న సాసే కాచుకుంటుంది."

వర్నెల్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకోలేదు. ఆవిడ ఏడుస్తోందని రోస్కోకి అప్పుడర్థమైంది. తన మోసం ఆవిడని అంత బాధపెట్టిందా అని ఇంకా కుంచించుకుపోయాడు.

"తర్వాత తిడుదువుగానిలే. ముందు చెప్పు వర్నెల్, ఆ మూడో ప్లేటులో ఏం తేడా ఉంది?"

"ఆ జ్వరం దగ్గర్నుంచీ నేనూ నీ మొహం చూసే వేస్తున్నాను, రోస్కో."