పోయిన చప్పుడు

"పాడుచేశారు! నిక్షేపంలాంటి కారుని పాడుచేసి నా చేతిలో పెట్టారు!"

షెడ్డులో టైరు విప్పుతున్న మెకానిక్ తలెత్తాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి కళ్ళు నిద్రలేక ఎర్రగా వాచి ఉన్నాయి. ఆయన వెనక కారులో, పసిపాపని ఒళ్ళో పెట్టుకుని ఆయన అత్తగారు కూర్చుని ఉంది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఏం పాడైంది సార్? బ్రేకులా?"

"బ్రేకులు బాగానే ఉన్నాయి. చప్పుడు పోయింది."

మెకానిక్ చేతిలో స్పానర్ కింద పెట్టాడు. "ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. చప్పుడొస్తోందని తిట్టినవాళ్ళున్నారు గానీ, పోయిందని పోట్లాటకొచ్చింది మీరొక్కరే."

"నవ్వులాట కాదయ్యా! సాయంత్రం కారులో ఒక చుట్టు తిప్పితే చాలు, వెనక నుంచి సన్నగా వచ్చే ఆ చప్పుడుకి పాప ఇట్టే నిద్రపోయేది. నీ దగ్గర్నుంచి కారొచ్చి పది రోజులు. పిల్ల కంటినిండా నిద్రపోతే ఒట్టు. వాళ్ళమ్మ పొయ్యి ముందు నిలబడే తూగుతోంది. నిన్న చెయ్యి కాల్చుకుంది."

"తీసెయ్యమన్నది మీరే కదా సార్! 'వెనక ఏదో దిక్కుమాలిన మూలుగు, బుర్ర తినేస్తోంది, ముందు దాని పీక నొక్కు' అన్నారు. కావాలంటే అమ్మగారినడగండి, ఆవిడా విన్నారు."

అత్తగారు తల వంచుకుని పాప టోపీ సరిచేసింది. అల్లుడి ఎదుట ఆవిడ అవునన్నా కాదన్నా తలతోనే.

"అన్నాను. ఆఫీసు చిరాకులో నోరు జారాను. ఇంతకీ ఏం చేశావు దాన్ని?"

మెకానిక్ మెడ గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే, నాకేమీ దొరకలేదు సార్. తలుపులకి కాస్త నూనె రాసి ఊరుకున్నాను."

"ఆ నూనే కొంప ముంచింది! తుడిచెయ్యి!"

తుడిచాడు. రెండు స్క్రూలు వదులు కూడా చేశాడు. తనే స్టీరింగ్ పట్టుకుని, అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు.

తుంపర మొదలైంది. తడిసిన రోడ్డు అద్దమైపోయింది. అప్పుడే వెలిగిన వీధి దీపాలు అందులో తలకిందులుగా నిలబడి, ఒక్కొక్కటే కారు కిందకి జారిపోతున్నాయి. కారు నేల మీద కాకుండా ఇంకెక్కడో తేలుతున్నట్టుంది. తలుపు కిర్రుమంది. పాప ఏడ్చింది. డాష్‌బోర్డు టకటకమంది. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది.

"అసలెలా ఉండేది సార్ ఆ చప్పుడు?"

అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. "దూరంగా తుమ్మెద తిరుగుతున్నట్టు... ఉహూఁ, అలా కాదు. పక్కగదిలో ఎవరో మనకోసం మేలుకుని ఉన్నట్టు. అది వింటుంటే పొద్దుటి నుంచి పడ్డ మాటలన్నీ మర్చిపోయేవాణ్ణి. నిద్ర పాపకే కాదయ్యా, నాకూ లేదు." గొంతు సవరించుకున్నాడు. "దానికే గనక చెవులుంటే, తప్పయిపోయింది, మళ్ళీ రావే తల్లీ అని బతిమాలుకునేవాణ్ణి."

మెకానిక్ నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు. కారుని రోడ్డు పక్కకి తీసి, ఇంజన్ ఆపేశాడు.

"ఇక నా వల్ల కాదు సార్."

వైపర్లు సగంలో నిలిచిపోయాయి. అద్దం మీద చినుకులు కలిసి, మెల్లగా కిందకి దారులు కట్టాయి.

అప్పుడు మొదలైంది ఆ చప్పుడు. సన్నగా, వెనక నుంచి. పాప ఏడుపు వెక్కిళ్ళలోకి దిగి, ఆ వెక్కిళ్ళూ సద్దుమణిగాయి.

ఆగిన కారులో ఇద్దరు మగవాళ్ళూ ఊపిరి బిగబట్టి వెనక్కి తిరిగారు. అత్తగారు కళ్ళు మూసుకుని పాప మీదకి వంగి ఉంది. పెదవులు బిగించే ఉన్నాయి, గొంతు మాత్రం సన్నగా కదులుతోంది.