ఎనిమిదో నంబరు

కొత్తగా చేరిన పిల్లలతో హాలు నిండింది. కానీ ఫుట్‌బాల్ టీం గురించి కెప్టెన్ ఎంత చెప్పినా ఒక్కరూ ఫోన్లలోంచి తల ఎత్తలేదు. రేపే మ్యాచ్. ఈసారీ గ్యాలరీ ఖాళీగా ఉంటే టీం ఎత్తేస్తానని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పాడు.

కెప్టెన్ ప్యాంటు మడిచి, పిక్క మీది పొడుగాటి కుట్ల మచ్చ చూపించాడు.

"పోయినేడు అవతలి కాలేజీ ఎనిమిదో నంబరు చేసిన పని ఇది. రేపు మళ్లీ వస్తున్నాడు."

హాలు భగ్గుమంది. "ఎనిమిదో నంబరు డౌన్ డౌన్" అంటూ బెంచీలు చరుస్తూ అందరూ లేచారు. మధ్య వరసలో ఒకమ్మాయి మాత్రం కూర్చునే ఉంది.

"బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేం? నువ్వూ అరవవేం?" అంటూ పక్కవాళ్లు ఆమె భుజం పట్టి కుదిపారు.

ఆమె లేచి నిలబడింది. "ఆ ఎనిమిదో నంబరు మా అన్న."

అరుపులు ఆగిపోయాయి. "బయటికి గెంటండి," అన్నారెవరో. నలుగురైదుగురు ఆమె మీదికి వచ్చారు.

కెప్టెన్ మైకు వదిలేసి, వేదిక మీంచి దూకి, ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండి. నేను సగమే చెప్పాను. అతను కావాలని తన్నలేదు. నన్ను చేతుల మీద ఎత్తుకుని అంబులెన్సు దాకా పరిగెత్తింది కూడా అతనే. ఆపరేషన్ అయ్యేదాకా గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు. అది చెబితే మీకు కోపం రాదని దాచాను."

మీదికి వచ్చినవాళ్లు వెనక్కి తగ్గారు. ఆ అమ్మాయి కెప్టెన్ వైపు తిరిగింది.

"మా అన్న కూడా ఇంట్లో సగమే చెప్పాడు, అన్నా," అంది. "ఒకబ్బాయి కాలు విరగ్గొట్టానని."