మిరప కళ్ళంలో కాపలా

మా మిరప కళ్ళం హైస్కూలు గ్రౌండు గోడ పక్కనే. ఆ బళ్ళో చదివే లహరి బేస్‌బాల్ కొట్టిందంటే బంతొచ్చి మా కాయల్లో పడాల్సిందే. ఎండిన కాయ పగిలి గింజ రాలితే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. అందుకే మా మనవరాలు దేవికను కాపలా పెట్టా.

మొన్న జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంచడానికి పేట నుంచి సారొచ్చాడు. లహరి కొట్టిన ఆరు బంతులూ గోడ దాటాయి. దేవిక కాయలారబోసిన పట్టాల మధ్య సందుల్లో ఉరికి, ఒక్క కాయ తొక్కకుండా, ఆరూ గాల్లోనే పట్టేసింది.

సారు గోడ దూకి సరాసరి కాయల మీదే దిగాడు. నేను చీపురు తీసుకున్నా.

"ఆగమ్మా. కొట్టేవాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారు. ఇట్టా ఉరికి పట్టేవాళ్ళే దొరకట్లా. ఈ పిల్ల పేరేంది?"

దేవిక పేరొక్కటే రాసుకుపోయాడు.

తెల్లారేసరికి లహరి మా కళ్ళంలో ఉంది. "అమ్మమ్మా, నేనూ కాపలా కాస్తా. పట్టడం నేర్చుకోవాల."

"మరి కొట్టేదెవరే?"

బ్యాటు తెచ్చి నా చేతిలో పెట్టింది.

నిన్న నేను కొట్టిన బంతి ఇద్దరికీ అందకుండా పోయి సర్పంచి కళ్ళంలో పడింది. ఆయన ఇంకా కేకలేస్తున్నాడు. వేయనీ, కాపలా పెట్టుకోడానికి ఆయనకూ మనవరాళ్ళున్నారుగా.